రక్షణ పద్దుకు మూజువాణి, కాగ్ నివేదికకు తాళం

2024 డిసెంబరు 17న రక్షణ శాఖ పద్దులపై పార్లమెంటరీ స్థాయీ సంఘం తన నివేదికలను సభ ముందు పెట్టింది. ఆ పద్దులకు లోక్‌సభ ఆగస్టులోనే ఆమోదముద్ర వేసేసింది. అంటే రూ.6.21 లక్షల కోట్లు ముందు మంజూరయ్యాయి, ఆ డబ్బు దేనికి, ఎంత అవసరం అన్న పరిశీలన నాలుగు నెలల తర్వాత పూర్తయింది. ఎన్నికల ఏడాది కాబట్టి అలా జరిగిందని సర్దిచెప్పేవారున్నారు. కొత్త లోక్‌సభ జూన్ 24న కొలువుదీరింది, స్థాయీ సంఘాలు ఏర్పడింది సెప్టెంబరు 26న. సంఘాన్ని నియమించడానికే మూడు నెలలు పట్టడానికి ఎన్నికలు కారణం కాదు.

1993లో ఈ సంఘాలను పెట్టినప్పుడు అనుకున్న పద్ధతి వేరు. బడ్జెట్‌పై సాధారణ చర్చ ముగిశాక సభకు విరామం ఇవ్వాలి. ఆ విరామంలో సంఘం సభ్యులు (ఇప్పుడు 31 మంది, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10) అధికారులను పిలిచి పద్దులను కూలంకషంగా చూడాలి. వారి నివేదిక చేతికొచ్చాకే సభ ఓటు వేయాలి. రక్షణ శాఖకు నాలుగు పద్దులున్నాయి: సివిల్, సైనిక దళాల రెవెన్యూ వ్యయం, మూలధన వ్యయం, పింఛన్లు. 2025-26లో నాలుగూ కలిపి రూ.6,81,210 కోట్లు. ఆ ఏడాది కేంద్రం ఖర్చు పెట్టదలచిన ప్రతి వంద రూపాయల్లో పదమూడున్నర ఇక్కడికే. ఇంత సొమ్ముపై లోక్‌సభలో పద్దువారీ చర్చ జరిగే ఏడాది అరుదు. ఏవో మూడు నాలుగు శాఖలను చర్చకు తీసుకుంటారు. గడువు రోజు సాయంత్రం స్పీకర్ గిలెటిన్ ప్రయోగిస్తారు, అంటే చర్చను అక్కడితో తెంచేస్తారు. మిగిలిన పద్దులన్నీ మూజువాణి ఓటుతో ఒక్క గుక్కలో గట్టెక్కుతాయి. 2018 మార్చి 14న, 2023 మార్చి 23న ఆ మూడు నాలుగు శాఖల చర్చ కూడా లేదు. మొత్తం బడ్జెట్ గందరగోళం మధ్యే నిమిషాల్లో ఆమోదం పొందింది.

సభలో చర్చ లేకపోయినా సంఘం చర్చిస్తోంది కదా అంటారు. చర్చించిన సంఘం ఏం సాధించగలదో, దాని మాటకు ఎంత విలువ దక్కుతుందో 2018 మార్చిలోనే చూశాం. మేజర్ జనరల్ బి.సి.ఖండూరి అధ్యక్షతన ఉన్న సంఘం ముందు సైనిక ఉపాధిపతి లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ హాజరయ్యారు. మన సైన్యం చేతిలోని సామగ్రిలో 68 శాతం కాలం చెల్లిందని, అత్యాధునికమైనది 8 శాతమేనని చెప్పారు. ఆధునికీకరణకు ఆ ఏడాది ఇచ్చింది రూ.21,338 కోట్లు. అప్పటికే ఒప్పందాలు కుదిరి నడుస్తున్న 125 పథకాలకు కట్టాల్సిన వాయిదాలు రూ.29,033 కోట్లు. కొత్తగా ఒక్క తుపాకీ కొనకముందే రూ.7,695 కోట్ల లోటన్నమాట. ఒక సేనాని ఇంత నిర్మొహమాటంగా మాట్లాడటం, ఆ మాటలు యథాతథంగా నివేదికకెక్కడం మన పార్లమెంటు చరిత్రలో గొప్ప ఘట్టం. నివేదిక వచ్చిన మరునాడే అదే బడ్జెట్ గిలెటిన్ కింద ఆమోదం పొందింది. ఆ సెప్టెంబరులో సంఘాన్ని పునర్నియమించినప్పుడు ఖండూరికి అధ్యక్ష స్థానం దక్కలేదు.

సంఘం సిఫార్సులకు ప్రభుత్వం కట్టుబడనక్కర్లేదు. మూడు నెలల్లో చర్యల నివేదిక ఇవ్వాలి, ఆరు నెలలకోసారి మంత్రి సభలో ప్రకటన చేయాలి, అంతే. ఒక శాఖ సిఫార్సును పక్కన పెట్టాలనుకుంటే తిరస్కరించనే అక్కర్లేదు. ‘గమనించాం, పరిశీలనలో ఉంది’ అని రాస్తే చాలు, సంవత్సరాలు గడిచిపోతాయి. మూలధన నిధుల సంగతే చూడండి. మార్చి 31న ఖర్చు కాని డబ్బు ఖజానాకు తిరిగి వెళ్లిపోతుంది. ఆయుధాల కొనుగోలు ఆర్థిక సంవత్సరపు లెక్కకు ఒదగదు. ముందు సాంకేతిక అవసరాలు రాయాలి, అవసరానికి ఆమోదం పొందాలి, టెండర్ పిలవాలి, ఎడారిలోనూ మంచులోనూ పరీక్షించాలి, ధరపై బేరం సాగాలి, చివరికి ఆర్థిక శాఖో మంత్రివర్గ భద్రతా కమిటీయో సంతకం చేయాలి. ఎక్కడ ఫైలు ఆగినా ఆ ఏడాది కేటాయింపు మురిగిపోతుంది. (వేల కోట్ల ఆయుధాలకు ఆమోదం అని పత్రికల్లో పతాక శీర్షికలు వచ్చేది ఈ రెండో మెట్టు దగ్గరే. అప్పటికి ఒప్పందం లేదు, ధర లేదు, ఒక్క రూపాయి చెల్లింపూ లేదు.) అందుకే మురిగిపోని నిధి కావాలని స్థాయీ సంఘం ఏళ్ల తరబడి మొత్తుకుంటోంది. 2004 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి జస్వంత్ సింగ్ రూ.25 వేల కోట్లతో అలాంటి నిధి ప్రకటించారు. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి రూ.2.38 లక్షల కోట్ల నిధిని సిఫార్సు చేసింది. కేంద్రం సూత్రప్రాయంగా సరేనంది. ఇంతలో 2024-25 మూలధన పద్దు రూ.1.72 లక్షల కోట్ల నుంచి సవరించిన అంచనాల్లో రూ.1,59,500 కోట్లకు దిగింది. పన్నెండున్నర వేల కోట్లు ఏ పథకాల దగ్గర, ఏ మెట్టు మీద ఆగాయో సభలో పద్దువారీగా తేల్చిన రోజు లేదు.

మనుషుల లెక్కా ఇంతే. 2023 మార్చిలో ప్రభుత్వమే రాజ్యసభకు ఇచ్చిన జవాబు ప్రకారం త్రివిధ దళాల్లో 1.55 లక్షల ఖాళీలున్నాయి, అందులో 1.36 లక్షలు సైన్యంలోవే. ఇది ఒక్కరోజులో పుట్టిన లోటు కాదు. 2019-20లో సైన్యం 80,572 మందిని చేర్చుకుంది. కొవిడ్ పేరిట తర్వాతి రెండేళ్లు ఆ సంఖ్య సున్నా, పదవీ విరమణలు మాత్రం ఆగలేదు. ఆపైన 2022 జూన్ 14న అగ్నిపథ్ వచ్చింది. తొలి ఏడాది 46 వేల మంది, నాలుగేళ్ల కొలువు, నాలుగింట ఒక వంతుకే కొనసాగింపు. సైనిక నియామకాల స్వరూపాన్నే మార్చేసిన ఈ పథకం పార్లమెంటు సమావేశాల్లో లేనప్పుడు మంత్రివర్గ నిర్ణయంగా ప్రకటితమైంది. స్థాయీ సంఘం ముందస్తు పరిశీలన లేదు. మూడు రోజుల తర్వాత సికింద్రాబాద్ రైల్వేస్టేషన్‌లో బోగీలు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు ప్రాణం కోల్పోయాడు. దేహదారుఢ్య పరీక్ష గట్టెక్కి రాతపరీక్ష కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్న కుర్రాళ్ల ప్రశ్నలు అడగాల్సిన చోటు సంఘం గది. అక్కడ వాటిని ఎవరూ అడగలేదు కాబట్టే అవి ప్లాట్‌ఫారం మీదికొచ్చాయి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) రక్షణ నివేదికలు వెబ్‌సైట్ నుంచి మాయమయ్యాయి. రాజ్యాంగం 151వ అధికరణం ప్రకారం కాగ్ నివేదికను రాష్ట్రపతి ఉభయ సభల ముందు పెట్టిస్తారు. సభ ముందుకు వచ్చిన క్షణం నుంచి అది బహిరంగ పత్రం. 2017 దాకా రక్షణ నివేదికలు కూడా మిగతా వాటిలాగే వెబ్‌సైట్‌లో దొరికేవి. ఆ తర్వాత ఆగిపోయాయి. అప్పటి కాగ్ రాజీవ్ మెహర్షి 2020లో కారణం చెప్పారు: వెబ్‌సైట్‌లో పెడితే విదేశీ రాజధానుల్లో కూర్చున్నవారు కూడా చూసేస్తారని, సభ్యులకూ పార్లమెంటు ప్రజాపద్దుల సంఘాని (పీఏసీ)కీ ఎలాగూ అందుతాయని.

ఈ వాదన నిలబడదు. వందల మంది ఎంపీలకు పంచిన, విలేకరుల చేతికి అందిన ప్రతిని బీజింగ్ సంపాదించలేదని ఎవరైనా నమ్ముతారా? దాన్ని సంపాదించలేనివాడు రాజమహేంద్రవరంలోనో నల్గొండలోనో ఉన్న పన్ను చెల్లింపుదారుడు, పరిశోధక విద్యార్థి, విశ్రాంత సుబేదారు. 2020 ఫిబ్రవరిలో సభకు వచ్చిన సియాచిన్ నివేదికను గుర్తు చేసుకోండి. మంచు కళ్లద్దాల కొరత 62 నుంచి 98 శాతం. కొత్త బూట్లు అందక సైనికులు వాడిన బూట్లనే మరమ్మతు చేసుకుని వేసుకున్నారు. ఆహారంలో కేలరీలకు కోత పడింది. దాని పూర్తి పాఠం వెబ్‌సైట్‌లో లేదు. ఆ జూన్‌లోనే చైనాతో గల్వాన్ ఘర్షణ జరిగింది. ఎత్తైన కొండల మీద మన జవాన్లకు ఏం అందిందో, ఏం అందలేదో దేశం మొత్తం చదవాల్సిన సమయం అది.

బయటపెడితే దేశానికి నష్టమా, మేలా? దీనికి సాక్ష్యం ఊహలో వెతకనక్కర్లేదు. మందుగుండు నిల్వలు తక్కువున్నాయని కాగ్ 2015లోనే బహిరంగంగా రాసింది. 2017 జులై నివేదికలో 152 రకాల్లో 61 రకాలు పది రోజుల పోరుకు కూడా చాలవని, నిల్వ ఉండాల్సింది 40 రోజులకని మళ్లీ రాసింది. శత్రువు ఆ అంకెలు చదివి దండెత్తలేదు. మనదగ్గర మాత్రం ఫైళ్లు కదిలాయి. 46 రకాల మందుగుండును నేరుగా కొనే అధికారం ఆ జులైలోనే సైనిక ఉపాధిపతికి దఖలు పడింది. బయటపడిన లోటుకే మందు పడింది. వైమానిక దళంలో పైలట్ల కొరత 2015లో 486, 2021 చివరికి 596. ఈ లెక్కా కాగ్ చెబితేనే తెలిసింది, అదీ 2024 డిసెంబరులో. ఏటా సభలో ఎవరో ఒకరు అదే అంకెను అడుగుతూ ఉంటే ఆరేళ్లలో కొరత తగ్గాల్సింది పోయి వంద పెరిగేదా?

రహస్యం అవసరం లేదని ఎవరూ అనడం లేదు. రాడార్ పరిధి, క్షిపణి దళాల మోహరింపు, సంకేత భాషలు గోప్యంగానే ఉండాలి. ఇరువైపులా అణ్వస్త్ర దేశాలున్న మనం ఐరోపా దేశాల్లా నిశ్చింతగా ఉండలేమన్నదీ నిజమే. 2025 జులైలో ఆపరేషన్ సిందూర్‌పై ఉభయ సభల్లో సుదీర్ఘ చర్చ జరిగిందని ప్రభుత్వ పక్షం గుర్తు చేయడమూ న్యాయమే.

అయితే అమెరికాకు శత్రువులు లేరా? అక్కడ ఆయుధ పథకం వ్యయం మొదటి అంచనాల్ని నిర్ణీత శాతానికి మించి దాటితే చట్టం ప్రకారం కాంగ్రెస్‌కు చెప్పి తీరాలి. మరీ దాటితే, ఈ పథకం ఎందుకు బతకాలో రక్షణ మంత్రి ధ్రువీకరించి ఇవ్వాలి, లేదా రద్దే. 2024లో సెంటినెల్ అణు క్షిపణి వ్యయం 81 శాతం పెరిగి 14 వేల కోట్ల డాలర్లు దాటిందని ఆ శాఖే ప్రపంచానికి చెప్పింది. అణు క్షిపణి ఖరీదు బహిరంగం! మన దగ్గర 2019 ఫిబ్రవరి 13న, పదహారో లోక్‌సభ చివరి రోజున వచ్చిన, రఫేల్ యుద్ధ విమానాల కొనుగోలుపై కాగ్ నివేదికలో ధరల చోట అంకెలు లేవు, అక్షరాలున్నాయి. 2.86 శాతం చవక అన్నారు. దేనికంటే, ఎంతకు అన్నది సభ్యుడు లెక్కకట్టుకోలేడు. విమానం ధర తెలిస్తే దాని రాడార్ గుట్టు తెలిసిపోదు. ధర దాచడానికీ దేశ భద్రతకూ లంకె పెట్టడం దగ్గరే మన వ్యవస్థ దారి తప్పింది.

ఇది ఒక శాఖతోనో ఒక ప్రభుత్వంతోనో మొదలైన జబ్బు కాదు. 1962లో చైనా చేతిలో ఓటమిపై సైనికాధికారులు హెండర్సన్ బ్రూక్స్, భగత్‌లు 1963లో ఇచ్చిన నివేదిక అధికారికంగా నేటికీ తాళం వెనకే ఉంది. దానికి ఇంకా సైనిక ప్రాధాన్యం ఉందని 2010లో అప్పటి రక్షణ మంత్రి ఎ.కె.ఆంటోనీ సభకు చెప్పారు. తర్వాత వచ్చినవారూ అదే తాళాన్ని కాపలా కాశారు. మరోవైపు, కార్గిల్ యుద్ధం ముగిసిన ఏడు నెలలకే, 2000 ఫిబ్రవరి 23న, కె.సుబ్రహ్మణ్యం కమిటీ నివేదిక సున్నిత భాగాలు తీసేసి పార్లమెంటు ముందుకొచ్చింది. నిఘా వైఫల్యాల మీద రేగిన చర్చ ఆ తర్వాతి సంస్కరణలన్నిటికీ దారి వేసింది. ఒకే దేశం, రెండు యుద్ధాలు. దాచిన నివేదిక నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేదు.

1962 నవంబరు మాట కూడా చెప్పాలి. చైనా సేనలు లోపలికొచ్చి ఉండగానే, ముప్పై ఏడేళ్ల వాజ్‌పేయీ సమావేశాలు పెట్టమని అడిగితే నెహ్రూ నవంబరు 8న సభను ముందుకు జరిపి పిలిచారు. రహస్య సమావేశం పెడదామన్న సూచనను తోసిపుచ్చారు. లోక్‌సభలో 165 మంది సభ్యులు మాట్లాడారు, ప్రధానిని ముఖం మీదే కడిగేశారు. తుపాకులు పేలుతుండగా బహిరంగంగా మాట్లాడుకోగలిగిన సభ ఉన్న దేశం, శాంతి కాలంలో బూట్ల లెక్కను వెబ్‌సైట్‌లో పెట్టడానికి జంకుతోంది.

చేయాల్సినవి చట్ట సవరణలు అక్కర్లేనివే. 2017 తర్వాతి రక్షణ నివేదికలను కాగ్ తిరిగి వెబ్‌సైట్‌లో పెట్టాలి, సున్నితమైన పేరాలుంటే నల్ల గీత గీసి. రక్షణ పద్దును గిలెటిన్‌కు వదలకుండా ఏటా ఒక రోజైనా చర్చకు తేవాలి. స్థాయీ సంఘం పదవీకాలం ఏడాదే కాబట్టి సభ్యులు పని నేర్చుకునేలోపే మారిపోతున్నారు, దాన్ని కనీసం రెండేళ్లు చేయాలి. సమావేశాల్లో గోప్యం కాని భాగాన్ని ప్రసారం చేయాలి.

రెండు తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో సింధుకీర్తి జలాంతర్గామి మరమ్మతు తొమ్మిదేళ్లు సాగింది. అదే యార్డుకు 2023 ఆగస్టులో సుమారు రూ.19 వేల కోట్లతో ఐదు నౌకాదళ సహాయక ఓడల కాంట్రాక్టు దక్కింది. ఇప్పటిదాకా ఎంత చెల్లించారు, ఏ ఓడ పని ఏ దశలో ఉంది, ఒప్పందంలోని గడువు ఎంత వెనక్కి జరిగింది, ఆలస్యానికి జరిమానా విధించారా? వచ్చే బడ్జెట్ సమావేశాల్లో గిలెటిన్ పడేలోపు ఈ నాలుగు ప్రశ్నలు లిఖితపూర్వకంగా వేయడానికి ఒక్క సభ్యుడు చాలు.