అవ్వ వేలు పడలేదు

ఒకసారి పొరపాటున బ్లాక్ హోల్ ఫొటో మీద వేలు పెట్టిన పాపానికి నా ఫోను నన్ను శాస్త్రవేత్తల్లో జమ కట్టేసింది. అప్పటి నుంచి పొద్దున్నే అనంతపురంలో ఉగ్గాని బజ్జీ ముందు పెట్టుకుని ఫోను తెరిస్తే చాలు, శాస్త్రవేత్తలు షాక్ అవుతూ కనిపిస్తారు. సోమవారం గ్రహశకలం చూసి షాక్, మంగళవారం సముద్రం అడుగున ఏదో చూసి షాక్. ఇంత సున్నితమైన గుండెలున్న మనుషుల్ని ప్రయోగశాలల్లోకి ఎవరు రానిస్తున్నారో నాకు తెలియదు.

పోయిన వారం మాత్రం షాక్ మన వంతు అన్నారు. ఇక మీ మనసులో మాట దాచుకోలేరట, ఏఐ చదివేస్తుందట. వెనకాల ఉరుముల సంగీతం, ముందు ఎర్రగా మెరిసే మెదడు బొమ్మ. వార్త కొత్తదేమీ కాదు. 2023లో అమెరికాలో టెక్సస్ యూనివర్సిటీ వాళ్లు చేసిన ప్రయోగం అది, మన ఛానళ్లు ఊరగాయ జాడీలోంచి తీసినట్టు అప్పుడప్పుడూ తీసి వడ్డిస్తుంటాయి. అసలు సంగతేమంటే, మనిషిని ఎంఆర్ఐ గొట్టంలో సుమారు 16 గంటలు పడుకోబెట్టి, కథలు వినిపించి, ఆ మెదడు తీరు మిషనుకు అలవాటు చేస్తే, అప్పుడు ఆ మనిషి ఏమనుకుంటున్నాడో రమారమి చెప్పగలిగింది. మాటకు మాట కాదు, తాత్పర్యం. అదీ ఆయన సహకరిస్తేనే. మనసులో జంతువుల పేర్లు తలుచుకుంటూనో, వేరే కథ చెప్పుకుంటూనో కూర్చుంటే మిషను తెల్లమొహం వేసింది. నిజానికి ఇది చాలా గొప్ప పని, నోరు పడిపోయిన మనిషికి రేపు మాట ఇవ్వగల పని. కానీ ఆ సంగతి చెప్తే ఎవరు చూస్తారు, ఉరుములు ఎక్కడ వేయాలి?

సరిగ్గా ఆ ఉరుముల మధ్యలోనే కళ్యాణదుర్గం వైపున్న మా ఊరి నుంచి ఫోనొచ్చింది. రేషన్ స్టోరు కాడ అవ్వ వేలు పడలేదట.

ఈ మాట అర్థం కాని తెలుగువాడు ఈ రాష్ట్రంలో ఉండడు కాబట్టి వివరించను. ఒక్క వ్యాకరణ సందేహం మాత్రం అడుగుతాను. కరెంటు పోతే కరెంటు పోయింది అంటాం. బస్సు రాకపోతే బస్సు రాలేదు అంటాం, డ్రైవరును నాలుగు తిడతాం కూడా. మరి మిషను చదవలేకపోతే 'వేలు పడలేదు' అంటామేం? ఈ వాక్యంలో మిషను ఎక్కడుంది? కర్త వేలు, క్రియ పడకపోవడం, నేరం మా అవ్వది. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చిన అయ్యవారు, రాత కనబడటం లేదని పిల్లోడి నోట్సు చించేస్తే 'నోట్సు పడలేదు' అనుకుంటూ ఇంటికొచ్చే పిల్లల్లాగా తయారయ్యాం అందరం. 2015లో రేషన్ షాపులకు వేలిముద్ర చూసే ఈపాస్ మిషన్లు వచ్చాయి. మధ్యలో కొన్నేళ్లు బియ్యం బండి ఇంటి ముందుకే వచ్చింది, మళ్లీ స్టోరుకే వెళ్లింది. ప్రభుత్వాలు మారాయి, సంచీల మీద బొమ్మలు మారాయి, ఈ ఒక్క వాక్యం మాత్రం అందరి హయాంలోనూ క్షేమంగా ఉంది.

మా ఊళ్లో వేలు పడే ఉత్సవాన్ని మీరు ఒక్కసారైనా చూడాలి. స్టోరు లోపల సిగ్నల్ ఉండదు. కాబట్టి డీలరు మిషనును రెండు చేతులా పట్టుకుని వాటర్ ట్యాంకు దగ్గరికి నడుస్తాడు, వెనకాల సంచులు పట్టుకుని ఊరు నడుస్తుంది. డప్పు ఒక్కటే తక్కువ. ట్యాంకు కింద ఒక మూల, నేను కొలిచాను, రెండడుగుల స్థలంలో సిగ్నల్ ఉంటుంది, అక్కడ నిలబడి మిషనును కొంచెం ఈశాన్యానికి తిప్పాలి. వాస్తు చూసేవాళ్లు ఇది గమనించినట్టు లేదు.

అవ్వ బొటనవేలు పెట్టింది. పడలేదు.

అంతే, ఊళ్లో ఉన్న వేలి వైద్యులంతా లేచారు. సబ్బుతో కడుక్కోమన్నాడు ఇంటర్ తప్పిన కుర్రాడు. కడిగితే ఎండిపోతుంది, తలకు రుద్దుకో, జుట్టులో నూనె అంటాలి అన్నాడు కంపౌండరుగా పని చేసి మానేసిన పెద్దాయన. రెండూ చేసింది. వాజలీన్ రాశారు, జిడ్డు ఎక్కువైందని చీర కొంగుతో తుడిచారు, తుడిస్తే మళ్లీ ఎండిపోయిందని నోటి ఆవిరి ఊదారు. చింతపండుతో తోమితే గీతలు తేలతాయని ఒకామె సలహా. "నా చెయ్యేమన్నా రాగిచెంబా?" అనింది అవ్వ. డీలరు గట్టిగా ఒత్తమన్నాడు, ఒత్తింది. "అంత గట్టిగా కాదవ్వా, మెల్లిగా" అన్నాడు, మెల్లిగా పెట్టింది. "ఇంగో యేలు పెట్టవ్వా" అన్నాడు. చూపుడు వేలు, మధ్య వేలు, చిటికెన వేలు, ఒక్కో వేలూ పదో తరగతి సప్లిమెంటరీకి వెళ్లినట్టు వెళ్లడం, తప్పడం. ఏకలవ్యుడు ఈ రోజుల్లో పుట్టి ఉంటే గురుదక్షిణ ఇచ్చిన మరుసటి నెల నుంచి బియ్యం కట్.

పోనీ ముఖం చూపిద్దామని ఫోను తీశారు. అది నిజంగా బతికున్న మనిషో, ఫొటోనో తెలుసుకోవడానికి కళ్లు ఆర్పమని అడుగుతుంది కదా. డీలరు ఫోను ముఖానికి దగ్గరగా పెట్టి "కన్ను ఆర్పవ్వా, కన్ను ఆర్పు" అంటున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, మొగుడు పోయి ఇరవై ఏళ్లయింది, నడివీధిలో ఊరంతా చూస్తుండగా కన్ను కొట్టమంటాడేందిరా వీడు అని సంచీ తీసుకుని కొట్టబోయింది. ఆ కోపంలో పట్టిన ముఖం ఆధార్ కార్డులో ముఖంతో కలవలేదు. ఆధార్ ఫొటోలో మనమెవరం కలుస్తాం లెండి, అది వేరే వ్యాసం.

చివరికి ఎడమచేతి ఉంగరపు వేలు పడింది. ఆఖరి బంతికి సిక్సు కొట్టినట్టు కేకలట.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ వేలికి 'రేషన్ వేలు' అని పేరు, దానికి ప్రత్యేక ప్రోటోకాల్. అది వంకాయలు తరగకూడదు. బోకులు తోమకూడదు. ఎర్రమట్టిలో పెట్టకూడదు. రాత్రి కొబ్బరినూనె రాసి గుడ్డ చుడుతుంది మా పిన్ని. మనవరాలు గోళ్లకు రంగు వేస్తానంటే తొమ్మిది వేళ్లకే అనుమతి ఇచ్చారు. వేలుకు ఇన్సూరెన్స్ చేయిద్దామా అని మా చిన్నాన్న నిజంగానే అడిగాడు.

ఇక్కడ కొంచెం సైన్సు చెప్పాలి, ఫోను నన్ను శాస్త్రవేత్త అన్నది కదా. వేలి మీది గీతలు తల్లి కడుపులో మూడో నెల దగ్గర మొదలై ఆరో నెల లోపు స్థిరపడతాయి. మిషను చూసేది ఆ గీతలు ఎక్కడ ఆగాయి, ఎక్కడ రెండుగా చీలాయి అన్నది. వయసు మీదపడితే చర్మం వదులవుతుంది, తేమ తగ్గుతుంది, గీత అద్దానికి సరిగా అంటదు. చేతి పని చేస్తే అరిగిపోతుంది. సున్నం, సిమెంటు, బండలు, చెనిక్కాయలు. ఇందులో రహస్యం ఏమీ లేదు, మిషను చేసినవాడికీ తెలుసు, కొన్నవాడికీ తెలుసు.

మరి ఈ వేలి నమ్మకం ఎక్కడ పుట్టిందో తెలుసా? మన దేశంలోనే. 1858లో బెంగాల్లో విలియం హెర్షెల్ అనే తెల్లదొర, రోడ్డుకు సరుకు తోలడానికి ఒప్పుకున్న రాజ్యధర్ కోనాయ్ అనే కాంట్రాక్టరు చేత కాగితం మీద మొత్తం అరచేతి ముద్ర వేయించుకున్నాడు. రేపు మాట తప్పుతాడేమోనని భయం. 1877లో అదే దొర హుగ్లీలో పింఛను తీసుకునేవాళ్ల చేత వేలిముద్రలు వేయించాడు, చచ్చిపోయినవాడి పేరు మీద ఇంకొకడు డబ్బులు తీసుకుంటాడేమోనని. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం తెరిచారు, ప్రపంచంలో అలాంటిది అదే మొదటిది. ముద్రల్ని వర్గాలుగా విడదీసే లెక్కంతా కుస్తీ పట్టి తేల్చింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే మనవాళ్లు, పద్ధతికి పేరు మాత్రం పై అధికారి హెన్రీది. (ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఇక్కడ ఒక నిట్టూర్పు విడవచ్చు.) అంటే దొరలు పోయి ఇన్నేళ్లయినా, పింఛనుదారు మీద దొరకున్న అనుమానం మాత్రం ఏటా కొత్త వెర్షన్‌తో అప్‌డేట్ అవుతోంది. మా వీధిలో రిటైరైన మేష్టారు ఏటా నవంబరులో తాను బతికే ఉన్నానని కంప్యూటర్‌ను ఒప్పించి వస్తారు. ఒప్పించినరోజు ఆయన ముఖంలో సంతోషం చూడాలి, ఆయనకే అప్పటిదాకా నమ్మకం ఉండదేమో.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. ఇక నావల్ల కాదు.

మా అవ్వ ఒకప్పుడు నిశాని మనిషి. బ్యాంకులో, పంచాయతీలో, ఎక్కడికెళ్లినా ఇంకు పూసి బొటనవేలు నొక్కించేవాళ్లు, పక్కన నిలబడ్డ గుమస్తా 'వేలిముద్రగాళ్లు' అని నవ్వేవాడు. తొంభైల్లో ఊరూరా రాత్రిబడులు పెట్టారు. వేలిముద్ర నామర్దా, సంతకం నేర్చుకో అని పాటలు పాడి మరీ చెప్పారు. పగలంతా చేలో పని చేసి, రాత్రి ఎనిమిదికి లాంతరు ముందు పలక పట్టుకుని, నలభై దాటిన మనిషి ఆరు నెలలు కుస్తీ పట్టి తన పేరు రాయడం నేర్చుకుంది. మొదటిసారి బ్యాంకులో సంతకం పెట్టి వచ్చిన రోజు ఇంట్లో పాయసం చేసింది, నాకు గుర్తుంది. ఇప్పుడు ఆ సంతకం ఎక్కడా చెల్లదు. వేలు పెట్టు అంటారు. ఆ వేలేమో అరిగిపోయింది.

ఎందుకు అరిగింది? విత్తనం కాయలు ఒలిచి. చెనిక్కాయలను మిషన్లో ఆడిస్తే పప్పు బద్దలవుతుంది, పొర లేచిపోతుంది, అది మొలకకు పనికిరాదు, అందుకే విత్తనానికి ఆడవాళ్లు కూర్చుని చేత్తో ఒలుస్తారు. ప్రతి వేసవీ, గంపలకు గంపలు, యాభై ఏళ్లు. అంటే విత్తనం దగ్గర మిషను పనికిరాదు, అవ్వ వేలు కావాలి. బియ్యం దగ్గర అవ్వ వేలు పనికిరాదు, మిషను ఒప్పుకోవాలి. ఈ జిల్లాలో చేనికెళ్లిన ప్రతి గింజా ఇలాంటి వేళ్ల మీదుగా వెళ్లింది, ఆ వేళ్లను పట్టుకుని గుర్తు తెలియని వేలు అని చెప్పడానికి ఆ డబ్బాకు ఎంత ధైర్యం? డబ్బాకేముంది, దాన్ని తెచ్చి ఆమె ముందు పెట్టి, అది ఒప్పుకుంటేనే తిండి అన్నవాళ్లకు ఎంత ధైర్యం?

కొద్దిమందికే కదా సమస్య అంటారు. 2016-17 కేంద్ర ఆర్థిక సర్వేలోనే ఉన్నాయి అంచనాలు: ఈ ఆధార్ గుర్తింపు విఫలమయ్యేది జార్ఖండ్‌లో నూటికి 49, రాజస్థాన్‌లో 37, గుజరాత్‌లో 6, మన కృష్ణా జిల్లాలో 5. కృష్ణా జిల్లా అంకె చూసి అప్పట్లో భుజాలు తట్టుకున్నవాళ్లున్నారు. నూటికి 5 అంటే లక్ష మంది వేలు పెడితే 5 వేల మంది. నా జేబులోంచి ప్రతి నెలా నూటికి 5 రూపాయలు మాయమైతే పోలీస్ స్టేషనుకు వెళ్తాను. 5 వేల మంది ఖాళీ సంచీలతో ఇంటికెళ్తే దాన్ని పైలట్ ప్రాజెక్టు విజయవంతం అంటారు. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఐదుగురిలో నలుగురి మాటగా ఆధార్‌కు సరే అంది. ఒప్పుకోని ఐదో జడ్జి చంద్రచూడ్ ఒంటరిగా మిగిలారు. నూటికి 5 కంటే ఐదుగురిలో ఒకరు ఎక్కువే కదా, ఆ వేలూ పడలేదు.

ఈ సాయంత్రం అవ్వకు ఫోన్ చేసి, అమెరికాలో మనసులో ఏముందో చదివే మిషను వచ్చిందని చెప్పాను. "బియ్యం కావాలని సంచీ పట్టుకుని నిలబడితే కూడా తెలీలేదు గదా నాయనా వాళ్లకు" అంది. తరువాత ఏం చేస్తున్నావని అడిగాను. విత్తనం కాయలు ఒలుస్తోందట. రేషన్ వేలు జాగ్రత్త అన్నాను, నవ్వుతాలుగానే.

"దానికి గుడ్డ చుట్టుకున్న్యాలేరా," అంది. "తొమ్మిది వేళ్లు నావి, అదొక్కటీ స్టోరుది."

సీరియల్ టైమైందని పెట్టేసింది.