సోఫా మీది ఇమిగ్రేషన్ ఆఫీసర్లు

అమెరికాలో ఎమ్మెస్ చదివే పిల్లోడు సెలవులకు అనంతపురం వచ్చి, మళ్లీ ఆ దేశంలో అడుగుపెట్టాలంటే ఏమేం కావాలి? గడువున్న పాస్‌పోర్టు, ఎఫ్-1 అనే విద్యార్థి వీసా, ఇక్కడ సీటుందని యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితం, దాని రెండో పేజీలో యూనివర్సిటీ వాళ్లు పెట్టే ప్రయాణ సంతకం. ఆ సంతకం ఏడాది చెల్లుతుంది. చదువైపోయి ఓపీటీలో, అంటే కొన్నాళ్లు అక్కడే పనిచేసుకునే అనుమతి మీద ఉన్నవాళ్లకైతే 6 నెలలే. కానీ వీటన్నిటికంటే ముందు దాటాల్సిన చెక్‌పోస్టు ఒకటుంది. దాని సంగతి ఏ ప్రభుత్వ వెబ్‌సైటులోనూ ఉండదు. అది పిల్లోడి ఇంటి హాల్లోనే, ప్రయాణానికి ముందురోజు సాయంత్రం తెరుచుకుంటుంది. అధికారులంతా బంధువులే. అర్హత ఏమిటంటారా? ఎప్పుడో ఎవర్నో సాగనంపడానికి బెంగళూరు ఎయిర్‌పోర్టు దాకా పోయి, గాజు తలుపు బయట నిలబడి చెయ్యి ఊపి రావడం.

మొన్న సాయినగర్‌లో ఒక ఇంట్లో ఈ తనిఖీ కళ్లారా చూసే భాగ్యం కలిగింది. ముఖ్య అధికారి పిల్లోడి మేనమామ. సోఫాలో కాలు మీద కాలేసుకుని, కళ్లజోడు ముక్కు కొసకు జార్చి, టీపాయ్ మీద పాస్‌పోర్టు తిరగేస్తూ గద్దించాడు.

"ఏమప్పా, మా దేశానికి యాల వచ్చినావు?"

"చదువుకోడానికి మామా."

"మామా అంటే ఆడనే వెనక్కి పంపిస్తార్రా! సార్ అను!"

"చదువుకోడానికి సార్."

"మరి ఇండియాకి యాల పోయింటివి?"

"అక్క పెండ్లికి సార్."

అంతే, హాలంతా ఉలిక్కిపడింది. పెండ్లి అన్న మాట ఎత్తొద్దని చిన్నాయన. పెండ్లంటే కట్నం, కట్నమంటే కేసు, వాళ్లకన్నీ తెలుస్తాయట. అయితే వెకేషన్ అనమని పక్కింటాయన. వెకేషన్ అంటే అంత దుడ్డు యాడిదని అడగరా అని మేనమామ. ఒంట్లో బాగలేక వచ్చినానని చెప్పమని ఇంకో గొంతు. రోగమంటే అసలే రానియ్యరని వెంటనే ఇంకొకటి. కొత్త పెళ్లికూతురు గాజులు సర్దుకుంటూ అక్కడే కూర్చునుంది. తన పెళ్లి జరిగినట్టా, జరగనట్టా తేలక మొగుడి వైపు చూసింది. ఆయన గమ్మున నిప్పట్టు కొరుక్కున్నాడు. చివరికి "ఫ్యామిలీ ఫంక్షన్" అనాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఇందులో చిన్న తిరకాసుంది. తెలిసి అబద్ధమాడి దొరికితే జీవితాంతం ఆ దేశం గడప తొక్కనివ్వని సెక్షన్ వాళ్ల చట్టంలో ఉంది. అక్క పెండ్లికి పోయొచ్చినందుకు ఆపే సెక్షన్ మాత్రం లేదు. ఈ మాట నేననేలోపే సభ రెండో అంశానికి పోయింది.

పిల్లోడు విమానం మారాల్సిన అబుదాబి. అక్కడి నుంచి నేరుగా అమెరికా పోయేవాళ్లను విమానం ఎక్కకముందే అమెరికా ఆఫీసర్లు తనిఖీ చేస్తారు. 2014 నుంచీ ఉన్న ఏర్పాటే. చిన్నాయన వాదన: అబుదాబిలో ఆపితే మేలు, తిరిగి రావడానికి దగ్గర. షికాగోలో ఆపితే శానా దూరం. ధర్మవరం బస్సు కదిరికి పోతుందని తెలిసి, ముందు స్టాపులోనే దిగడం మంచిదన్నట్టు! ఇక చెనిక్కాయల పొడి మీద జరిగిన చర్చ రాయను. తిండి సామాను ఉందని చెప్తే చూసి వదిలేదాన్ని వదులుతారు, దాస్తే జరిమానా వేస్తారు. మాంసం పచ్చడి మాత్రం పెట్టకండి.

భయం ఊరికే పుట్టలేదు, ఒప్పుకుంటా. వీసా అంటే తలుపు దగ్గర నిలబడే అనుమతి మాత్రమే, లోపలికి రానిచ్చేది కౌంటర్‌లో ఆఫీసరే. ఫోన్ అడిగి చూడగలడు. 2025 జూన్‌లో, వీసాకు పెట్టుకునే విద్యార్థులు సోషల్ మీడియా ఖాతాలన్నీ పబ్లిక్‌గా ఉంచాలన్నారు. సెప్టెంబర్ 2 నుంచి ఇంటర్వ్యూ లేకుండా డ్రాప్‌బాక్స్‌లో వీసా తెచ్చుకునే దారి విద్యార్థులకు దాదాపు మూసేశారు. వీసా స్టాంపు గడువు తీరినోడు ఇంటికొస్తే హైదరాబాదు నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్ ముందు మళ్లీ మొదటి నుంచీ నిలబడాల్సిందే. విద్యార్థుల వివరాలు నమోదు చేసే సెవిస్‌కు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు, ఆపైన యూనివర్సిటీ ఫీజులు లక్షలకు లక్షలు. అన్నీ కట్టించుకున్న దేశం, అదే పిల్లోడు తల్లిని చూసి తిరిగొస్తే దొంగను చూసినట్టు చూస్తుంది. సిగ్గుండాలి.

సిగ్గు మనకూ ఉండాలి. నిరుడు ఇదే సోఫా మీద కూర్చుని ఇదే మేనమామ ఆ పిల్లోడికి ఫోన్ చేశాడు. "జేజి పోయింది నాయనా. నువ్వు మాత్రం రావొద్దు. వస్తే మళ్లీ రానియ్యరు." వాడి వీసాకు ఇంకా గడువుంది. ఐ-20 మీద సంతకముంది. వచ్చి పోవడానికి కాగితాల్లో ఏ అడ్డమూ లేదు. వాడి చదువు లోను కోసం చెనిక్కాయ చేను బ్యాంకులో కుదవ పెట్టింది ఆ జేజే, వాడి నాయనమ్మే, తన వేలిముద్రతో. వాడు ఆమె పాడె లేవడం వీడియో కాల్‌లో చూశాడు. శ్మశానం దగ్గర సిగ్నల్ పోయి, నిప్పు పెట్టేది కూడా చూడలేదు. ఎవరు చెప్పమన్నారయ్యా మిమ్మల్ని? ఏ చట్టం చదివి చెప్పినారు? అమెరికా ఆపలేదు వాడిని. మీరు ఆపినారు.

ఇకమీదట ఆ పిల్లోడు రావాలా వద్దా అని మిమ్మల్ని అడిగితే, వాళ్ల యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ ఆఫీస్ ఉంటుంది, అక్కడ అడగమని చెప్పండి. ఆ పనికి వాళ్లకు జీతమిస్తున్నారు. మీకెవరూ ఇవ్వడం లేదు.