దొంగ అని రాసేముందు

టేబుల్ మీద తెల్ల గుడ్డ, దాని మీద వరసగా గాజులు, గొలుసులు, రెండు సెల్‌ఫోన్లు, వెనకాల పోలీసు ఆఫీసర్లు, పక్కన ముసుగేసి నిలబెట్టిన ఒక మనిషి. ప్రెస్ మీట్ అయిపోతుంది, మర్నాడు మా పేపర్లో కూడా "దొంగ అరెస్ట్" అనే హెడ్డింగ్ పడుతుంది, నిందితుడు అన్న మాట ఎక్కడో నాలుగో లైన్లో ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. ఈ తప్పులో మాకూ వాటా ఉంది.

ఇంట్లో గొలుసు కనపడకపోతే ముందు అనుమానం ఎవరి మీద? పనమ్మాయి మీదే కదా. పెళ్లికెళ్లొచ్చిన హడావిడిలో అది హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉండిపోయిందేమో చూసేలోపే ఆమెని స్టేషన్‌కి పిలిపించి పొద్దున్నుంచి చీకటి పడేదాకా బెంచీ మీద కూచోబెడతారు, కాగితం మీద మాత్రం ఆమె పేరే ఉండదు. ఏడేళ్లు, అంతకంటే తక్కువ శిక్ష ఉన్న కేసుల్లో ఊరికే అరెస్ట్ చెయ్యొద్దు, ఎందుకు అవసరమో కారణం రాయండి అని సుప్రీంకోర్టు 2014లోనే అర్ణేశ్ కుమార్ కేసులో చెప్పింది. మామూలు దొంగతనానికి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 303 కింద మూడేళ్లదాకా, ఇంట్లో జరిగితే 305 కింద ఏడేళ్లదాకా శిక్ష, అంటే రెండూ ఆ లెక్కలోకే వస్తాయి.

పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు, ఇది అందరికీ తెలుసు. అయితే ఆ మాట చెప్పే సాక్ష్య చట్టం సెక్షన్‌లోనే ఒక సందుంది, నిందితుడు చెప్పినదాన్ని బట్టి సొత్తు దొరికితే ఆ ముక్క వరకు చెల్లుతుంది. అందుకే "నా వెంట వస్తే దాచిన చోటు చూపిస్తాను" అనే వాక్యం లేని రికవరీ పంచనామా కనపడదు. మంచి లాయర్ పని ఇక్కడే మొదలవుతుంది. పంచనామాకి సాక్షులుగా సంతకం పెట్టిన మధ్యవర్తులు నిజంగా అక్కడికొచ్చారా, ఆ స్టేషన్ కేసులన్నిట్లో వాళ్లిద్దరేనా, మొదటి కంప్లైంట్‌లో గొలుసు తూకం, డిజైన్ రాశారా, పోలీసులు పాటించాల్సిన పద్ధతులు చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత, సెక్షన్ 105 ప్రకారం సోదాకి వీడియో ఏది? సెకండ్ హ్యాండ్ ఫోన్ కొన్న కుర్రాడైతే అది దొంగ సొత్తని తెలుసా, అలా నమ్మడానికి కారణం ఉందా అన్నది ముఖ్యం, బిల్లు ఉంటే సగం గట్టెక్కినట్టే. కూలి ఎగ్గొట్టిన ఓనర్ సైట్ నుంచి తన పనిముట్లు తాను తెచ్చుకున్న మేస్త్రీది అసలు దొంగతనమే కాదు, దురుద్దేశం ఉండాలి కదా.

కొందరికి ఊరి పేరే కేసైపోతుంది. బాపట్ల జిల్లా స్టూవర్టుపురంలో ఎరుకల వాళ్లని బ్రిటిష్ వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద పుట్టు దొంగలని ముద్రేసి పెట్టారు, ఆ చట్టం దేశమంతటా 1952కల్లా పోయింది, చూపు పోలేదు.

ఆడవాళ్లు, ఎస్సీ ఎస్టీలు, కస్టడీలో ఉన్నవాళ్లు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్‌ని అడగొచ్చు, నంబర్ 15100. ఈ నంబర్ ప్రతి స్టేషన్ బెంచీ ఎదురుగా గోడ మీద పెద్దక్షరాలతో రాయించాలని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు ప్రభుత్వాలనీ అడుగుతున్నాం, పెయింట్ ఖర్చు తప్ప ఏముంది. మా వంతుగా ఇక నుంచి కోర్టు తేల్చేదాకా హెడ్డింగ్‌లో దొంగ అనే మాట వాడం, కేసు కొట్టేస్తే ఆ వార్త కూడా అరెస్ట్ వార్త వేసిన పేజీలోనే, అంతే సైజులో వేస్తాం.