దిద్దుబాటుకు వీల్లేని ఉద్యోగం

విజయవాడ ఆటోనగర్‌లో మా పెదనాన్న డీజిల్ పంపులు బాగుచేసేవారు. లారీ నుంచి విప్పిన పంపును ఒక బల్లకు బిగించి, మోటారుతో తిప్పి, ఒక్కో నాజిల్ నుంచి ఎంత ఆయిల్ పడుతోందో గాజు గొట్టాల్లో కొలిచేవారు. ఆరు గొట్టాల్లోనూ మట్టం ఒకేలా రావాలి. ఒకదాంట్లో కాస్త తగ్గినా పంపు మళ్లీ విప్పాల్సిందే. లారీ ఓనరు బయట ఎంత తొందరపెట్టినా సరే. ఆ బల్లను షాపులో అందరూ టెస్ట్ బెంచ్ అనేవాళ్లు.

నేను పద్నాలుగేళ్లుగా చిప్ కంపెనీల్లో వెరిఫికేషన్ ఇంజనీరుని, అంటే చిప్ డిజైన్‌లో తప్పులు వెతికేవాడిని. నా పనిముట్టు పేరు కూడా టెస్ట్ బెంచే. కాకపోతే అది ఒక ప్రోగ్రాము, దానికి బిగించే చిప్ ఇంకా పుట్టి ఉండదు. ఈ సంగతి చెబితే పెదనాన్న, "లేని పంపుకి లీకేజీ ఎట్టా చూస్తావురా?" అన్నారు. నా ఉద్యోగం గురించి ఇంత సూటి ప్రశ్న మరెవరూ అడగలేదు. పెళ్లిళ్లలో అడిగేది వేరు. "అది సాఫ్ట్‌వేరా, హార్డ్‌వేరా? ప్యాకేజీ ఎంత?"

ఈమధ్య ఆ ప్రశ్నలు ఎక్కువయ్యాయి. 2021 డిసెంబరులో కేంద్రం 76,000 కోట్ల రూపాయలతో సెమీకండక్టర్ కార్యక్రమానికి ఆమోదం తెలిపింది. 2025 ఆగస్టు 12న ఆమోదం పొందిన నాలుగు ప్రాజెక్టుల్లో ఆంధ్రప్రదేశ్‌కూ ఒకటి వచ్చింది. ఆ తర్వాత కానూరు నుంచి వడ్లమూడి దాకా ఏ ఇంజనీరింగ్ కాలేజీ గోడ మీద చూసినా వీఎల్ఎస్ఐ (చిప్ డిజైన్) అనే మాటే. పిల్లలకూ తల్లిదండ్రులకూ ఆశ పుట్టడం మంచిదే. కానీ ఆ ఆశ దేని మీదో తెలియాలి. చిప్ ఇంజనీరు అనే ఒక్క మాట కింద అసలు పోలికే లేని మూడు జీవితాలున్నాయి.

ముందు నేను బతుకుతున్నది చెబుతాను. డిజైన్ అంటే మొదట్లో కోడ్ రాయడమే. చిప్‌లో ఏ భాగం ఎలా నడవాలో వెరిలాగ్ భాషలో రాస్తారు. చూడటానికి సాఫ్ట్‌వేర్ లాగే ఉంటుంది, కూర్చునే కుర్చీ కూడా అదే. తేడా అంతా తప్పు దొర్లిన తర్వాత తెలుస్తుంది. యాప్‌లో తప్పుంటే రాత్రికి రాత్రి ప్యాచ్ పంపిస్తారు. చిప్‌లో ఉంటే మాస్కులు, అంటే చిప్ నమూనాను అచ్చువేసే పలకలు, మళ్లీ చేయించాలి. వేఫర్ అనే సిలికాన్ బిళ్ల ఫ్యాబ్‌లో, అంటే చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో, మళ్లీ వందల దశలు దాటాలి. కొత్త తరం చిప్‌లకైతే మాస్కుల సెట్టుకే కోట్ల రూపాయలవుతాయి. ఫ్యాబ్‌లో ప్రయాణం దాదాపు మూడు నెలలు. అప్పటికి పోటీ కంపెనీ చిప్ మార్కెట్లోకి వచ్చేసి ఉంటుంది. 1994లో ఇంటెల్ పెంటియం భాగహారంలో తప్పు బయటపడింది. లోపల ఒక పట్టికలో కొన్ని గళ్లలో ఉండాల్సిన అంకెలు లేవు, అంతే. చిప్‌లు వెనక్కి తీసుకుని మార్చి ఇవ్వడానికి ఆ కంపెనీ 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది.

డిజైన్‌ను ఫ్యాబ్‌కు పంపే రోజును టేపవుట్ అంటాం. మా క్యాలెండర్‌లో ఉగాది, సంక్రాంతి కంటే పెద్ద రోజు అదే. ఆ తర్వాత చెయ్యి పెట్టడానికి ఉండదు. కాబట్టి అంతకుముందు ఏడాది, ఏడాదిన్నర మేం చేసేది ఒకటే పని, అనుమానించడం. పొద్దున్నే ఆఫీసుకి వెళ్లగానే రాత్రి నడిచిన వేల టెస్టుల ఫలితాలు చూస్తాం. ఎర్రగా ఉన్నవాటిని పంచుకుంటాం. వాటిలో సగం మా సొంత టెస్ట్ బెంచ్‌లోని తప్పులే అయి ఉంటాయి. మిగతావాటి వెంట పడాలి. ఒకసారి ఒక బగ్, అంటే తప్పు, కోసం మూడు వారాలు వేవ్‌ఫామ్‌లు (సిగ్నళ్లు ఎప్పుడెలా మారాయో చూపే గీతలు) చూస్తూ కూర్చున్నాను. వేర్వేరు క్లాకులతో, అంటే వేర్వేరు తాళాలతో నడిచే రెండు భాగాల మధ్య డేటా దాటే చోట, దాన్ని కాసేపు నిలిపి ఉంచే బఫర్ నిండిన క్షణంలోనే రీసెట్ (అంతా మొదటికి తెచ్చే సంకేతం) వస్తే ఒక విలువ ఎగిరిపోతోంది. వేరే ఏ వేళలో రీసెట్ వచ్చినా ఏమీ కాదు. చివరికి దిద్దింది ఒక్క లైను. ఏడాది చివర అప్రైజల్ ఫారంలో దీన్ని ఎలా రాసుకోవాలో ఇప్పటికీ నాకు చేతకాదు.

దొరికిన బగ్ వల్ల టెన్షన్ ఉండదు. దొరకకపోతేనే అసలు టెన్షన్. టేపవుట్ దగ్గర పడేకొద్దీ వారానికి దొరికే బగ్‌లు తగ్గుతూ వస్తాయి. చిప్ శుభ్రపడిందా, మనకు వెతకడం చేతకాలేదా? రెండింటికీ గ్రాఫు ఒకేలా ఉంటుంది. ఆ రోజుల్లో భోజనాల దగ్గర కూడా ఎవరూ సరిగా మాట్లాడుకోరు.

పైగా ఏం చేస్తున్నామో ఇంట్లో చెప్పకూడదు. స్క్రీన్ ఫొటో తీయకూడదు. అమెరికా వాళ్లతో మీటింగులు రాత్రి తొమ్మిది తర్వాతే. మేం చేసిన చిప్ ఫోన్‌లోనో కార్‌లోనో చేరేసరికి రెండు మూడేళ్లు పడుతుంది, అప్పటికి నేను మరో ప్రాజెక్టులో ఉంటాను. మంచి కంపెనీల్లో జీతం, షేర్లు బాగానే ఇస్తారు, అందులో అబద్ధం లేదు. నలభై దాటినవాడిని పాతబడ్డాడని చూడరు, అలాంటివాళ్ల కోసం వెతుకుతారు. అలాగని భరోసా ఉందనీ చెప్పలేను. 2024 ఆగస్టులో ఇంటెల్ ఒక్కటే పదిహేను వేల మందికి పైగా ఉద్యోగులను తీసేస్తున్నట్టు ప్రకటించింది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు నేను అక్కడే, మా ఇంట్లో ఉన్నాను. కింది వాటా నీళ్లలో ఉంది. కరెంటు లేదు. టేపవుట్‌కు తొమ్మిది రోజులు. పాల ప్యాకెట్లు, మంచినీళ్లు పడవలో వస్తున్నాయి. నేను మేడ మీద కూర్చుని, పవర్ బ్యాంకులో మిగిలిన ఛార్జింగుతో ఫోన్‌లో రాత్రి టెస్టుల ఫలితాలు చూశాను. ఎవరూ చూడమనలేదు. సెలవు తీసుకోమనే చెప్పారు. అయినా చూశాను. ఇది గొప్పగా చెప్పుకునే విషయం కాదు. ఆ పూట నేను అమ్మతో కలిసి కింద నుంచి బియ్యం బస్తాలు మోయాల్సింది.

ఇప్పుడు రెండో జీవితం, ఫ్యాబ్. ఒళ్లంతా కప్పే తెల్లటి సూటు వేసుకుని శుభ్రమైన గదిలో యంత్రాల మధ్య షిఫ్టులు. గుజరాత్‌లోని ధోలేరాలో టాటా కట్టేది ఇలాంటిదే. తైవాన్ చిప్ తయారీ కంపెనీ టీఎస్ఎంసీ వ్యవస్థాపకుడు మోరిస్ చాంగ్ ఒక సందర్భంలో చెప్పిందేమిటంటే, రాత్రి ఒంటిగంటకు యంత్రం ఆగితే అమెరికాలో మర్నాడు పొద్దున బాగవుతుందట, తైవాన్‌లో రెండింటికల్లా బాగవుతుందట. ఆయన దాన్ని గర్వంగానే చెప్పారు. ఆ ఇంజనీరు ఇంట్లోవాళ్లు కూడా అంతే గర్వపడతారా అన్నది నా అనుమానం. ఫ్యాబ్‌కు నీళ్లు లక్షల లీటర్లలో కావాలి, అదీ అత్యంత శుద్ధి చేసినవి. కరెంటు రెప్పపాటు కూడా తగ్గకూడదు. 2019 జూన్‌లో జపాన్‌లోని యొక్కైచి మెమరీ చిప్‌ల ఫ్యాబ్‌లో 13 నిమిషాలు కరెంటు పోతే, తమ వాటాలో సుమారు ఆరు ఎక్సాబైట్ల (ఆరు వందల కోట్ల గిగాబైట్ల) మెమరీ నష్టపోయామని వెస్టర్న్ డిజిటల్ ప్రకటించింది. మనం పదమూడు నిమిషాల కోతను కోతగా లెక్కే వేయం.

మూడోది ప్యాకేజింగ్. ఫ్యాబ్ నుంచి వచ్చిన వేఫర్‌ను కోసి, ముక్కలను తొడుగుల్లో అమర్చి, పరీక్షించి పంపడం. ఆంధ్రప్రదేశ్‌కు ఆమోదం వచ్చింది దీనికే. దక్షిణ కొరియా కంపెనీ ఎపాక్ట్ సాంకేతిక సహకారంతో ఏసిప్ సంస్థ పెట్టే ఈ యూనిట్ సామర్థ్యం ఏటా 9.6 కోట్ల చిప్‌లు. ఇందులో డిప్లొమా పిల్లలకు, యంత్రాలు తెలిసినవాళ్లకు మంచి పని దొరుకుతుంది. కానీ కాలేజీ గోడ మీద వీఎల్ఎస్ఐ అని చదివి చేరిన అమ్మాయి ఊహించుకున్న ఉద్యోగం ఇది కాదు.

ఆ అమ్మాయి కోరుకునే డిజైన్ పనికి కృష్ణా నీళ్లు అక్కర్లేదు, ఎకరాలు అక్కర్లేదు. సర్వర్లు ఎక్కడున్నా ఫరవాలేదు. వరదలో మేడ మీద కూర్చుని నేను చూసుకోగలిగానంటే కారణం అదే. మరి విజయవాడలో, గుంటూరులో ఆ పని ఎందుకు లేదు? ఆదివారం రాత్రి బెంజి సర్కిల్ దగ్గర హైదరాబాద్ బస్సుల కోసం అంతమంది ఎందుకు నిలబడుతున్నారు?

సీట్లు తక్కువై కాదు. ఐదేళ్లలో 85,000 మందికి శిక్షణ ఇవ్వాలని కేంద్రం 2022లోనే చిప్స్ టు స్టార్టప్ పథకం తెచ్చింది. బెంగళూరులో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ నడిపే చిప్‌ఇన్ కేంద్రం ద్వారా ఖరీదైన డిజైన్ టూల్స్ కూడా కాలేజీలకు అందుతున్నాయి. లోటు నా లెక్కలో పక్క కుర్చీలో ఉంది. ఈ పని పుస్తకంతో రాదు. పదిహేనేళ్లు నాలాంటి తప్పులు చేసిన మనిషి పక్కన కూర్చుని, "రీసెట్ మధ్యలో వస్తే ఏమవుతుందో చూశావా?" అని అడుగుతుంటే వస్తుంది. బెంగళూరులో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లోనే డిజైన్ కేంద్రం పెట్టింది. అక్కడ పనిచేసినవాళ్లు మరో కంపెనీకి వెళ్లారు, వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు ఇంకో కంపెనీకి వెళ్లారు. నలభై ఏళ్లుగా అలా పోగైన మనుషులే ఆ ఊరి ఆస్తి.

మనకు ఇంకో అడ్డంకి కూడా ఉంది, చెబితే కోపాలొస్తాయి. ఇంటర్మీడియట్ రెండేళ్లు మనం పిల్లలకు నేర్పేది నిమిషానికో బిట్టు. జవాబు తట్టకపోతే వదిలేసి ముందుకు పో, కీ వచ్చాక చూసుకో. నేనూ ఆ బెంచీల మీద నుంచి వచ్చినవాడినే, ర్యాంకూ తెచ్చుకున్నాను. ఉద్యోగంలో చేరాక ఆ అలవాటు వదిలించుకోవడానికి మూడేళ్లు పట్టింది. చిప్‌కు కీ ఉండదు.

కిందటేడు గుంటూరు దగ్గర ఒక కాలేజీలో ఫైనలియర్ పిల్లలకు క్లాసు చెప్పడానికి వెళ్లాను. చిన్న కౌంటర్ (అంకెలు లెక్కపెట్టే సర్క్యూట్) కోడ్ ఇచ్చి, దాంతోపాటు ఒక టెస్ట్ బెంచ్ కూడా ఇచ్చాను. కోడ్‌లో కావాలనే ఒక తప్పు పెట్టాను, టెస్ట్ బెంచ్‌కు దొరకని చోట. అరవై మందిలో దాదాపు అందరికీ పది నిమిషాల్లో పాస్ అని వచ్చింది. ల్యాప్‌టాప్‌లు మూసేశారు. వెనక బెంచీలో ఒకమ్మాయి మాత్రం మూయలేదు. "సర్, మీరిచ్చిన టెస్ట్ బెంచ్‌నే నమ్మమంటారా?" అని అడిగింది. పాలిటెక్నిక్ చదివి, ఈసెట్ రాసి సెకండియర్‌లో చేరిన అమ్మాయట. డిప్లొమాలో బోర్డుల మీద కాలిపోయిన ఐసీలు చూసిన చెయ్యి. ఆ క్లాసులో టాపర్ ఎవరో నేను కనుక్కోలేదు.

అలాంటి పిల్లకు దొరికే మొదటి ఉద్యోగం ఎలాంటిదో కూడా చెప్పాలి. ఎక్కువమందికి చిప్ కంపెనీలో నేరుగా చోటు దొరకదు. ట్రైనింగ్ సెంటర్‌కు లక్షకు పైగా కట్టి, ఆపై సర్వీస్ కంపెనీలో చేరి, అక్కడి నుంచి క్లయింటు దగ్గరికి వెళ్లాలి. నా మొదటి కంపెనీ అప్పుడే చేరిన నాకు మూడేళ్ల అనుభవం ఉన్నట్టు రెజ్యూమే తయారుచేసి పంపింది. తెలియని పని తెలిసినట్టు నటిస్తూ ఏడాది గడిపాను. అనుమానాలు అడగడమే వృత్తి అయిన చోట, అడిగితే దొరికిపోతానని నోరు మూసుకుని కూర్చున్నాను.

అందుకే అమరావతిలో చిప్ డిజైన్ కేంద్రాలు అని ఎవరన్నా నేను భవనం ఎన్ని అంతస్తులని చూడను. హైదరాబాద్‌లో, బెంగళూరులో స్థిరపడిన కృష్ణా, గుంటూరు జిల్లాల సీనియర్లలో యాభై మంది వెనక్కి వచ్చేలా కంపెనీలకు ఏం రాయితీ ఇస్తున్నారన్నదే నేను వెతికేది. మా టీములోనే ముగ్గురున్నారు. అమ్మానాన్నలు పెద్దవాళ్లయ్యారు, రావాలని ఉంది. వచ్చాక రెండో ఉద్యోగం కావాలంటే ఊళ్లో ఇంకో కంపెనీ ఉండాలి కదా అని ఆగిపోతున్నారు. అందులో నేనూ ఒకణ్ని. వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని చేసుకుని సరిపెట్టుకుంటున్నాను.

పెదనాన్న షాపు మూసేసి చాలాకాలమైంది. కొత్త లారీల్లో డీజిల్ ఎంత వదలాలో చిప్‌లే చూసుకుంటున్నాయి, ఆ పాత పంపులు రావడం తగ్గిపోయింది. మొన్న వెళ్లినప్పుడు, "ఇన్నేళ్లలో నీ బెంచి దాటి పోయిన తప్పు ఉందా?" అని అడిగారు. చాలా చిప్‌లకు దోషాల పట్టిక ఒకటి విడుదలవుతుందనీ, దాన్ని ఎర్రాటా అంటారనీ, అలాంటి ఒకదాంట్లో ఒక వరుస నా పుణ్యమేననీ చెప్పాను. సాఫ్ట్‌వేర్‌తో దారి మళ్లించి సర్దారు, చిప్ అమ్ముడుపోయింది. ఏ చిప్పో మాత్రం చెప్పలేదు, చెప్పకూడదు. ఆయన కాసేపు ఆగి, "ఏ గొట్టం చూడకుండా వదిలేశావు?" అన్నారు.