జనం నవ్వారంటే అది కవిత్వమెలా అవుతుంది?

కవి సమ్మేళనంలో శ్రోతలు ఎలా ఉండాలో వేరే చెప్పక్కర్లేదు. ముందు వరసలో వాళ్లు కళ్లు మూసుకుని ఉండాలి. అది రసాస్వాదనో కునుకో పక్కవాడికి తెలియకూడదు. వెనక వరసల్లో ఎవరైనా ఉంటే, వాళ్లు తర్వాత జరిగే సన్మానానికి వచ్చిన బంధువులై ఉండాలి. కవిగారు మైకు వదలగానే అందరూ చప్పట్లు కొట్టాలి. ఎందుకు కొట్టారని ఎవరూ అడక్కూడదు. ఇంత చక్కటి ఏర్పాటును చెడగొట్టినవాళ్లలో ఒకావిడ మీద ఇక్కడ ఫిర్యాదు దాఖలు చేస్తున్నాను.

ముద్దాయి పేరు లూయీస్ బెన్నెట్. వెస్టిండీస్‌లోని జమైకా జనానికి మిస్ లూ. 1919లో కింగ్‌స్టన్‌లో పుట్టి 2006లో టొరంటోలో కన్నుమూశారు. ఈ మధ్యలో ఆవిడ చేసిన పనల్లా స్టేజీ ఎక్కి, సంతలో జనం ఎలా మాట్లాడతారో ఆ మాటల్లోనే అల్లిన పద్యాలు చదవడం. జనం పడీపడీ నవ్వేవారు. ఆ భాషను పాత్వా అంటారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చినవాళ్లు దొరల ఇంగ్లీషును తమ నోటికీ తమ పాత భాషల నడకకీ తగ్గట్టు మలుచుకుంటే పుట్టింది. పెద్దలు దానికి పెట్టిన పేరు ‘చెడిపోయిన ఇంగ్లీషు’.

నేరానికి బీజం పెంపకంలోనే ఉంది. తల్లి బట్టలు కుట్టేది. ఆవిడ దృష్టిలో గడప తొక్కిన ప్రతి మనిషీ ‘లేడీ’యే. చేపలమ్మే లేడీ, దుంపలమ్మే లేడీ, బళ్లో చదువు చెప్పే లేడీ. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియని ఇంట్లో పెరిగిన పిల్ల ఇంకెలా తయారవుతుంది?

ఇక అసలు ఘటన. లూయీస్‌కి అప్పటికింకా పెళ్లి వయసు కూడా రాలేదు. మంచి గౌను వేసుకుని ట్రాము ఎక్కింది. ముందు సీట్లు నిండిపోయాయి. చోటున్నదల్లా వెనకాల, గంపలతో సంతకెళ్లే ఆడవాళ్లు కూర్చునే దగ్గర. ఈ పిల్ల వాళ్లవైపు రావడం చూసి ఒకావిడ పక్కావిణ్ని హెచ్చరించింది. “ఒసే లైజా, కాస్త పరుచుకుని కూచోవే. గౌను పిల్లొకతె మన పక్కన చోటు మీద కన్నేసింది!” అంతే, వెనక బెంచీల మీద ఏప్రన్లన్నీ పరుచుకున్నాయి. చోటు మాయం. నాలాంటివాడైతే కండక్టరుకి చెప్పి గొడవ పెట్టేవాడు. ఈవిడ ఇంటికెళ్లి ఆ మాటలతోనే పద్యం రాసింది. పాత్వాలో ఆవిడ మొదటి పద్యం అదే.

రాక అలా రాసిందా అంటే అదీ కాదు. 1945లో బ్రిటిష్ కౌన్సిల్ స్కాలర్‌షిప్ మీద లండన్ వెళ్లి, రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో చదివారు. బీబీసీ రేడియోలో కార్యక్రమాలు చేశారు. దొరల ఇంగ్లీషు దొరల ఊళ్లోనే నేర్చుకుని, తిరిగొచ్చి మళ్లీ గంపల భాషే మాట్లాడారు. చేతగాక తప్పు చేసినవాళ్లను క్షమించొచ్చు. చేతనై ఉండీ చేసినవాళ్లను ఏం చేయాలి?

ఆవిడ పద్యాల్లో ఒకటి నన్ను వ్యక్తిగతంగా ఇబ్బంది పెట్టింది. కొడుకు ఆరు నెలలు అమెరికాలో ఉండి ఇంటికొస్తాడు. తల్లి గుండెలు బాదుకుంటుంది. బంగారు పన్ను లేదు, మెళ్లో గొలుసు లేదు, అన్నిటికీ మించి నోట్లో కాస్తంత యాస కూడా లేదు. నీ చెల్లెలు ఒక్క వారం అమెరికా వాళ్ల దగ్గర పనిచేసిందా, ఇప్పుడు అది మాట్లాడితే ఒక్క ముక్క మనకర్థమై చావడం లేదు, ఎంత ముచ్చటగా ఉందో! సాయంత్రం మీ నాన్నొచ్చాక రోజూలా ‘పా’ అని పిలిచి నా పరువు తీయకు, ‘పూ’ అని పిలువు, కొత్తగా ఏదో నేర్చుకొచ్చావనుకుంటాడు. ఈ తల్లి జమైకా మనిషని పుస్తకాల్లో రాశారు. మా వీధిలో మూడో ఇంట్లో ఉంటుందని నా గట్టి అనుమానం.

పద్యాలతో ఆగినా బాగుండేది. 1965 నుంచి 1982 దాకా రేడియోలో కూడా మాట్లాడారు. అందులో ఆంటీ రోచీ అనే గయ్యాళి పాత్ర ఒకటి. ఆవిడది ఒకటే లాజిక్కు. ఇంగ్లీషువాడు లాటిన్ నుంచీ ఫ్రెంచి నుంచీ మాటలు ఎత్తుకొస్తే దాన్ని ‘పుట్టుక’ అంటారు, మేం ఇంగ్లీషు నుంచి తెచ్చుకుంటే ‘చెడిపోవడం’ అంటారేం? దీనికి పండితుల దగ్గర సమాధానం ఉండే ఉంటుంది. నాకైతే ఇంకా అందలేదు.

పైగా వేషం చూడండి. తలకు ఎర్ర గళ్ల గుడ్డ, ఒంటికి అదే గళ్ల పావడా. జమైకాలో దాన్ని బండానా అంటారు. దాని వంశం మద్రాసు గళ్ల గుడ్డ. మద్రాసు పేరుతో ఓడలెక్కి విదేశాలకు పోయిన ఆ గళ్ల రుమాళ్లను చీరాల చుట్టుపక్కల మగ్గాల మీద కూడా నేసేవారు. పేరు మద్రాసుది, నడుం నొప్పి మనవాళ్లది. కాబట్టి ఈ కేసులో మన జిల్లాల వాళ్లను కూడా సాక్షులుగా పిలవాల్సి రావచ్చు.

ఇంగ్లండుకు ఓడల కొద్దీ వలసపోతున్న జమైకన్లను చూసి, ఇన్నాళ్లూ దొరలు మన దేశాన్ని వలసరాజ్యం చేసుకున్నారు, ఇప్పుడు మనవాళ్లు తిరగేసి చేస్తున్నారు, ఎంత మంచి కబురో అని కూడా ఒక పద్యం చదివారు. అదే ఇంగ్లండు 1960లో ఆవిడకు ఎంబీఈ బిరుదిచ్చింది. బహుశా పాత్వా అర్థం కాక ఇచ్చి ఉంటారు.

నిజం చెప్పాలంటే జమైకాలోనూ బాధ్యత తెలిసినవాళ్లు ఉన్నారు. 1943 నుంచి గ్లీనర్ పత్రికలో ఆవిడ పద్యాల కోసం జనం ఎదురుచూస్తున్నా, పెద్దలు చలించలేదు. 1962లో స్వాతంత్ర్యం వచ్చిన సందర్భంగా దేశ సాహిత్యమంతా ఒక సంకలనం వేశారు. అందులో ఆవిడను కవుల మధ్య కూర్చోబెట్టలేదు. పుస్తకం చివర్న ‘ఇతరాలు’ కింద పడేశారు. ట్రాములో వెనక బెంచీ లాగా. ఆ తర్వాతి ఏళ్లలో మెర్విన్ మోరిస్ అనే విమర్శకుడు ఈవిణ్ని సీరియస్‌గా చదవాలని వ్యాసం రాసి చిక్కు తెచ్చిపెట్టాడు. ఇక అక్కణ్నుంచి డాక్టరేట్లు, ఆర్డర్ ఆఫ్ మెరిట్, గోర్డన్ టౌన్‌లో 2018లో విగ్రహం. జమైకా అధికార భాష మాత్రం ఇప్పటికీ ఇంగ్లీషే. ఇందులో మనం నవ్వడానికేం లేదు. ఏటా ఆగస్టు 29న గిడుగు వారి ఫొటోకి దండేసి, వాడుక భాష గొప్పతనం గురించి ఎవరికీ వాడుకలో లేని భాషలో గంటన్నర ప్రసంగించేది మనమే.

అచ్చుకు పంపేముందు ఈ ఫిర్యాదును మా అమ్మకు చదివి వినిపించాను. గంభీరంగానే మొదలుపెట్టాను. ట్రాము దగ్గరికి రాగానే అమ్మ పకపకా నవ్వింది.

“సంత రోజు ఎర్రబస్సులో మేం చేసిందీ అదే గదరా. ఇస్త్రీ చీర మనిషి ఎక్కిందంటే గంప పక్కన కొంగు పరిచేసేవోళ్లం” అంది. కాసేపు నవ్వుతూనే ఉంది. నేను సంకలనాలూ, బిరుదులూ, విగ్రహమూ అన్నీ చదువుకుంటూ పోయాను. ఆవిడ వినలేదు. చివర్న కళ్లు తుడుచుకుని అడిగింది.

“ఇంతకీ ఆ పిల్లకి చోటిచ్చారా?”