ఆదివారం మెకానిక్కులు

పాలమూరు వెనకబడిన జిల్లా అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. ఆదివారం పొద్దున్నే మహబూబ్‌నగర్ మెట్టుగడ్డ దగ్గర ఏ గల్లీలోకైనా తిరిగి చూడండి. ఇంటికొక ఇంజినీరు లుంగీ ఎగ్గట్టి బండి పక్కన గొంతుక్కూర్చుని ఉంటాడు. చేతిలో పానా, ఎదురుగా ఇటుకకు ఆనించిన ఫోన్లో వీడియో. వీడియోలో మనిషి హిందీలో చెబుతుంటాడు, విప్పుతున్నది వేరే కంపెనీ బండి. అయినా మనవాడు వెనక్కి తగ్గడు. షెడ్డుకు పోతే లేబర్ పేరు మీద మూడొందలు గుంజుతారు. ఈ మహోద్యమానికి ఆ మూడొందలే పునాది.

బండితో పాటు కంపెనీ ఒక పుస్తకం కూడా ఇస్తుంది. ఏ గ్రేడు ఆయిల్, ఎంత పోయాలి, ఎన్ని కిలోమీటర్లకు ఏది మార్చాలి, అన్నీ అందులో ఉంటాయి. దాన్ని తెరవడం మన ఇంజినీర్ల ఆత్మగౌరవానికి భంగం. అది బీరువాలో ప్లాటు కాగితాల పక్కన, కవరు కూడా చింపకుండా క్షేమంగా ఉంటుంది.

ముందు ఆయిల్ సంగతి చూద్దాం. వంద సీసీ బండ్లలో చాలావాటికి లీటరు లోపే పడుతుంది. కానీ కొన్నది లీటరు డబ్బా. మిగిలిన కాస్త దాచుకుని ఏం చేసుకుంటాం? మొత్తం పోసేస్తాడు. ఎక్కువైన ఆయిల్, ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టంలోంచి ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి ఎగదన్నుతుంది. ఇంకొందరు మరీ పొదుపరులు. బావమరిది కారుకు పోయగా మిగిలినదాన్ని తెచ్చి పోస్తారు. బైకుల్లో క్లచ్ ప్లేట్లు కూడా ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి కాబట్టి డబ్బా మీద జాసో (జపాన్ వాళ్ల ఆయిల్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని రాసి ఉందో లేదో చూసుకోవాలి. కొన్ని కారు ఆయిళ్లలో రాపిడిని తగ్గించే మందులు కలుపుతారు. అవి తగిలితే ప్లేట్లు జారుతాయి. రేజ్ ఇచ్చినకొద్దీ అరుపు పెరుగుతుంది, బండి మాత్రం ముందుకు పోదు. ఈ గుణం ఇన్నాళ్లూ ఎన్నికల మీటింగుల్లోనే చూశాం.

డ్రెయిన్ బోల్టు బిగించే ఘట్టం చూసి తీరాలి. ఇంజన్ కేసు అల్యూమినియం, బోల్టు ఇనుము. మనవాడు పానాకు పైపు ముక్క తొడిగి, ఒక కాలు గోడకు తన్నిపెట్టి, పండ్లు బిగబట్టి తిప్పుతాడు. టక్ అని చిన్న చప్పుడు. "బిగిసింది" అంటాడు సంతృప్తిగా. బిగిసింది కాదు, కేసు లోపలి థ్రెడ్ (మర) పోయింది. ఆ సంగతి మర్నాడు వాకిట్లో నల్లటి మరకను చూసి ఇల్లాలు కనిపెడుతుంది. పాత ఆయిల్ అప్పటికే సగం మోరీలో కలిసి ఉంటుంది, మిగతా సగం చెదలు పట్టకుండా తలుపు చట్రానికి పూసి ఉంటుంది.

ఎయిర్ ఫిల్టర్‌ది విషాద గాథ. ఇప్పటి బండ్లలో చాలావాటికి జిడ్డు పట్టించిన కాగితం ఫిల్టర్ వస్తుంది. దాన్ని కడగకూడదు, గాలి కొట్టకూడదు, టైముకు మార్చడమే. మన ఇంజినీరు దాన్ని సబ్బు నీళ్లలో జాడించి, బనియన్ల పక్కన దండేనికి ఆరేస్తాడు. తెల్లగా వచ్చిందని ఇరుగుపొరుగుకు చూపిస్తాడు కూడా.

ఇక సైలెన్సర్. ఇక్కడే మన జిల్లా మేధస్సు పూర్తిగా వికసించింది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (పొగ మీద ప్రభుత్వం పెట్టిన ప్రమాణం) బండ్లలో అది ఒట్టి గొట్టం కాదు. పొగలోని విషాన్ని తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్ అందులో ఉంటుంది. ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాల పూతతో అది పనిచేస్తుంది. తులం బంగారం ధర విని గుండె పట్టుకునే ఇంట్లోనే, కుర్రాడు ఆ డబ్బాను విప్పి పాత ఇనుము వాడికి కిలో లెక్కన వేసేస్తాడు. దాని బదులు బజారు గొట్టం తగిలించుకుని పిల్లలమర్రి రోడ్డు మీద ఊరేగుతాడు. పికప్ పెరిగిందంటాడు. పెరిగింది చప్పుడు. 80 నుంచి 175 సీసీ బండికి ప్రభుత్వం పెట్టిన హద్దు 77 డెసిబెల్స్. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద శబ్ద కాలుష్యానికి మూడు నెలల దాకా జైలు, పదివేల దాకా జరిమానా రాసి పెట్టారు. పట్టుకున్న గొట్టాలను పోలీసులు వరసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కిస్తుంటారు. ఆ రోలర్ చప్పుడు ఎన్ని డెసిబెల్సో కొలిచిన వాడు లేడు.

అయితే నా అభిమానం అంతా కుర్రాళ్ల మీద కాదు, వాళ్ల నాన్నల మీదే. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. బండి వేడెక్కాక అది ఆవిరై పోతుంది. చలికాలం పొద్దున, లేదా ఇంటి నుంచి తెలంగాణ చౌరస్తా దాకా పోయి కూరగాయలు తెచ్చే బండిలో, లోపలే చల్లబడి నిలిచిపోతుంది. అది కారిపోవడానికే సైలెన్సర్ అడుగున అగ్గిపుల్ల పట్టేంత రంధ్రం పెడతారు. నాన్నగారు ఆ రంధ్రాన్ని చూస్తారు. చుక్క చుక్కగా నీళ్లు కారడం చూస్తారు. కంపెనీ వాడు మోసం చేశాడని తేల్చేసి, నీళ్ల పైపులకు పెట్టే ముద్ద తెచ్చి నున్నగా మూసేస్తారు. 2015లో శంకుస్థాపన చేసిన పాలమూరు ఎత్తిపోతల నీళ్లు పొలాలకు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూసే జిల్లాలో, అడక్కుండా వచ్చే నీటికి ఆనకట్ట కట్టిన ఘనత ఆయనదే. రెండు వానాకాలాలు గడిచేసరికి గొట్టం లోపలి నుంచి తుప్పు పట్టి, ఆనకట్ట పక్కనే గండి పడుతుంది. "ఫట్ ఫట్" మని మొదలవుతుంది. కొడుకు బండి కన్నా ఆయన బండే ఎక్కువ మోగుతుంది, అదీ పైసా ఖర్చు లేకుండా.

చివరికి సోమవారం షెడ్డుకు తోసుకుపోక తప్పదు. మెకానిక్ వంగి చూసి అడుగుతాడు.

"ఇది ఎవరు మూసిండ్రు సార్?"

"ఎవరో మెకానిక్ మూసిండు."

"ఏ మెకానిక్ సార్?"

"ఇప్పుడు లేడు, హైదరాబాద్ పోయిండు."

మెకానిక్ ఇంకేం అడగడు. రేకుకు అతుకు వేసి, మేకుతో ముద్దను పొడుస్తాడు. ఎర్రటి తుప్పు నీళ్లు వచ్చి సార్ చెప్పుల మీద పడతాయి.

"ఎంత?"

"అతుకుకు రెండొందలు, బొక్కకు ఇరవై."

"మేకుతో పొడిచినందుకు ఇరవయ్యా? ఆ మేకు ఇటియ్యి. ఇంకో బండి ఉంది ఇంట్ల, దానికి నేనే పొడుచుకుంట."