రోజుకు మూడు రీళ్లు పెడితే గిరాకీ రాదన్నా

"ఇన్‌స్టాగ్రామ్‌లో 90 రోజుల్లో 10 వేల ఫాలోవర్లు, ఆ తర్వాత పనే నిన్ను వెతుక్కుంటూ వస్తుంది." ఈ మెసేజ్ మా అనంతపురం గ్రూపుల్లో నెల రోజులుగా తిరుగుతోంది. టైలరింగ్ షాపు వాళ్ళకు, ఫిజియోథెరపీ పెట్టుకున్న వాళ్ళకు, నాలాగా కాలిన బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాళ్ళకు, అంటే లోపలి రాగి తీగ మళ్ళీ చుట్టేవాళ్ళకు, అందరికీ అదే మందు. నాకు ఐదుసార్లు వచ్చింది. ఐదోసారి పంపింది మా తమ్ముడే, "నువ్వూ చెయ్యన్నా" అని. పోయినేడే చేశాను రా నాయనా, చేతులు కాల్చుకున్నాను. అందుకే ఒక్కో మాటా తీసుకుని చెప్తున్నా.

"రోజుకు మూడు రీళ్లు పెట్టాల్సిందే" అంటాడు. నెలన్నర పెట్టాను. మొదటి వారంలోనే రాగి తీగ, కాయిళ్ళు, స్టార్టర్ అన్నీ చూపించేశాను. రెండో వారానికి సరుకు అయిపోయి మా షాపు కుర్రాడు స్టార్టర్ పెట్టె పక్కన సినిమా పాటకు చిందేశాడు, దానికి రెండు లక్షల వ్యూస్ వచ్చాయి, ఒక్క మోటారు రాలేదు. ఎన్ని పెట్టావన్నది ఇన్‌స్టాగ్రామ్‌కు అంత ముఖ్యం కాదు. ఎంతసేపు చూశారు, ఎంతమంది లైక్ కొట్టారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు, ఈ మూడే పెద్దవని దాని అధిపతి ఆడమ్ మొస్సేరి 2025లో స్వయంగా చెప్పాడు. ఆ మూడోదాని సంగతి నేను కళ్ళారా చూశాను. ఒకరోజు కాలిన మోటారు విప్పితే, కొన్ని కాయిళ్ళ మీద తొడుగు కరిగి నల్లగా ముద్దయిపోయింది, పక్క కాయిళ్ళు నిన్న చుట్టినట్టే ఉన్నాయి. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు మిగిలిన రెండింటి మీద గుంజుకుంటూ నడిస్తే ఇలాగే అవుతుంది. యాభై సెకన్లు, పాట లేదు, ఏమీ లేదు, వేలు పెట్టి చూపిస్తూ "ప్రివెంటర్ ఉంటే ఇది కాలేది కాదు" అని చెప్పాను. ప్రివెంటర్ అంటే ఒక ఫేజు పోగానే మోటారును ఆపేసేది. వ్యూస్ నాలుగు వేలే. కానీ అది రైతుల వాట్సాప్ గ్రూపుల్లోకి పాకింది. వారం తిరక్కుండా కూడేరు వైపు నుంచి ఒక పెద్దాయన ఫోన్: "ఏమప్పా, నువ్వు చూపిచ్చినట్టే మాదీ కాలిపోయిండాది, తేవల్లా?"

"10 వేలు దాటితే పని దానంతటదే వస్తుంది" అన్నది రెండో మాట. ఎక్కడి 10 వేలు? ప్రొఫెషనల్ అకౌంట్ పెట్టుకుంటే ఫాలోవర్లు ఏ ఊళ్ళవాళ్ళో ఇన్‌సైట్స్ అనే లెక్కల పేజీలో కనిపిస్తుంది. చిందు రీలు చూసి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది హైదరాబాద్, విజయవాడ. శ్రీకాకుళం నుంచి ఎవరైనా కాలిన మోటారును లారీకెక్కించుకుని అనంతపురం వస్తారా? నాకు కావాల్సింది మా చుట్టుపక్కల ఉరవకొండ, నార్పల, శింగనమల, గార్లదిన్నె. అక్కడి మూడొందల మంది చీనీ (బత్తాయి) తోటల రైతులు నన్ను నమ్మితే చాలు. ఈ మెసేజ్ రాసినవాడు యాడ్ డబ్బునూ గిరాకీనీ కలిపేశాడు. యూట్యూబ్‌లో యాడ్ డబ్బు కావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ, లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ ఉండాలి. అది వేరే వృత్తి. చేయగలిగినవాళ్ళు చేసుకోండి, తప్పు లేదు.

"మొదట్లో కొన్ని వేల ఫాలోవర్లను కొనుక్కో, మిగతావాళ్ళు చూసి వస్తారు." ఇది మాత్రం పచ్చి మోసం. 2019లో అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలా నకిలీ ఫాలోవర్లను అమ్మే దేవుమి అనే కంపెనీ మీద కేసు తేల్చి ఆ వ్యాపారమే చేయకూడదంది. చట్టం సంగతి అలా ఉంచినా, కొన్నవాళ్ళు చూడరు, పంపరు, ఫోన్ చేయరు. ఎనిమిది వేల ఫాలోవర్ల కింద పదకొండు లైకులు చూస్తే ఊళ్ళో ఎవరికైనా అర్థమైపోతుంది.

"ముప్పై హ్యాష్‌ట్యాగ్‌లు పెట్టు." వాటివల్ల రీచ్, అంటే చూసే జనం, పెద్దగా పెరగదని మొస్సేరే చెప్పాడు. ఆ చోట "మోటారు తిరుగుతోంది, నీళ్ళు తక్కువ" అని రైతు వెతికే మాటలే రాయండి.

"ఎప్పుడూ విజయాలే చూపించు, తప్పులు చూపిస్తే గిరాకీ పోతుంది." నాకు జరిగింది తిరగేసి ఉంది. ఒక తోటలో నీళ్ళు సగమే వస్తున్నాయంటే నేను పంపు అరిగిందేమో అనుకుని బండి పిలిపించి పైపులన్నీ పైకి లాగించాను, రైతుకు ఆ ఖర్చంతా తగిలింది. పంపు భేషుగ్గా ఉంది. స్టార్టర్ దగ్గర ఎవరో వైర్లు మార్చి బిగించడంతో మోటారు వెనక్కి తిరుగుతోంది, అంతే. ఏవైనా రెండు ఫేజు వైర్లు అటూఇటూ మారిస్తే సరిపోయే పని. బండి డబ్బు నేనే ఇచ్చుకుని, ఆ తలకాయ లేని పని గురించి అదే తోటలో నిలబడి వీడియో చేశాను. తిట్టారు కూడా, "నీకెందుకు వైండింగ్ షాపు" అని. కానీ ఆ తర్వాత చాలా ఫోన్లలో మొదటి మాట "లాగించకముందు వైర్లు మార్చి చూడమన్నావు కదన్నా" అనే. కొందరికి నా దగ్గరికి రావాల్సిన అవసరమే పడలేదు. పోనీ.

చివరిది, "వాట్సాప్ పాతబడింది, అన్ని యాప్‌లలో ఉండు." 2020 జూన్ 29న టిక్‌టాక్ నిషేధించారు, లక్షల ఫాలోవర్లున్నవాళ్ళు పొద్దున లేచేసరికి సున్నా. ఇంకొకరి యాప్‌లో ఉన్న జనం నీ జనం కాదు, నీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళే నీవాళ్ళు. వాట్సాప్‌లో ఒకేసారి అందరికీ పంపే బ్రాడ్‌కాస్ట్ కూడా నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. నాకు ఒక వాట్సాప్ బిజినెస్, గూగుల్ మ్యాప్స్‌లో షాపు సరిగ్గా కనిపించడం, వారానికి ఒక వీడియో, ఇవి చాలు. అదికాక బాగుచేసిన ప్రతి మోటారు స్టార్టర్ పెట్టె లోపల నా నంబరు స్టిక్కర్ అంటిస్తా. మొన్న శింగనమల దగ్గర నాలుగేళ్ళ కిందటి స్టిక్కర్ కనిపించింది. రంగు పూర్తిగా వెలిసిపోయింది, అంకెల మీద మాత్రం ఎవరో బాల్ పెన్నుతో మళ్ళీ దిద్దారు.